పిట్ట కొంచెం, పేచీ ఘనం: నా చిన్న ఫ్రిజ్ కథ

ఫ్రిజ్‌ని పడుకోబెట్టి తెచ్చాను. తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

నాది ఒక్క గది. ఒక మూల వంట, ఒక మూల పడక, మధ్యలో నేను. పెద్ద ఫ్రిజ్ పెడితే నేను గుమ్మం బయట పడుకోవాలి. అందుకని నడుమెత్తు ఉండే ఒంటి తలుపు ఫ్రిజ్ కొన్నాను, 90 లీటర్లది. పైన చిన్న ఫ్రీజర్ అర, కింద రెండు తట్టలు, అడుగున కూరగాయల డబ్బా. అంతే. కారులో నిలబెడితే పైకప్పు తగిలింది. వెనక సీటు మడిచి అడ్డంగా తోసేశాం.

గదికి చేరి, అట్టపెట్టె విప్పి, ప్లగ్ చేతిలో పట్టుకున్నానో లేదో అమ్మ ఫోను.

"నిలబెట్టి తెచ్చారా, పడుకోబెట్టి తెచ్చారా?"

"పడుకోబెట్టే. ఏం?"

"అయితే ఇవాళ దాని జోలికి వెళ్లకు. రేపు పెట్టు ప్లగ్గు."

"ఎందుకూ?"

"ఎందుకో నాకేం తెలుసే? మీ నాన్న అలాగే చేసేవారు."

ఎందుకో తర్వాత తెలిసింది. వెనకాల అడుగున నల్లటి ఇనప కుండలా కనబడేదే కంప్రెషర్. దాని కడుపులో కొంచెం నూనె ఉంటుంది. లోపల తిరిగే భాగాలు అరిగిపోకుండా కాపాడేది ఆ నూనే. ఫ్రిజ్‌ని పడుకోబెడితే అది కుండలోంచి జారి గ్యాస్ తిరిగే గొట్టాల్లోకి చేరుతుంది. అప్పుడే ప్లగ్ పెడితే ఒక పక్క కంప్రెషర్ ఎండిపోయి తిరుగుతుంది, ఇంకో పక్క సన్నటి గొట్టంలో నూనె అడ్డుపడి కూలింగ్ రాదు. నిటారుగా నిలబెట్టి ఆగితే నూనె దానంతటదే కిందికి దిగుతుంది. ఎంతసేపు ఆగాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని పుస్తకాల్లో రెండు గంటలు అని ఉంటుంది, కొన్నిట్లో 24 గంటలు. పడుకోబెట్టి తెస్తే మాత్రం ఎక్కువ వైపే నమ్మడం మేలు. నేను ఆ రాత్రంతా ఆగాను. కొత్త ఫ్రిజ్ పక్కనే కూర్చుని గోరువెచ్చటి నీళ్లు తాగిన రాత్రి అది.

ఇక్కడ ఒక మాట. కొనేముందు ఇంకా చిన్నదీ ముచ్చటైనదీ ఒకటి చూసి మనసు పారేసుకున్నాను. బుల్లి డబ్బా, చప్పుడే లేదు, చేత్తో ఎత్తితే లేచి వస్తుంది. అందులో కంప్రెషరే లేదు. 1834లో పెల్టియే అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన సూత్రం మీద నడుస్తుంది. రెండు వేరువేరు పదార్థాలు కలిసే చోట కరెంటు పంపితే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కుతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అలాంటి డబ్బా గది వేడి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు మాత్రమే కిందికి దించగలదు. గదిలో 36 డిగ్రీలుంటే లోపల 16 అన్నమాట. మంచినీళ్ల సీసాకి చాలు, పాలకు చాలదు. పాలు, వండిన పదార్థాలు దాచుకోవాలనుకునేవాళ్లు కంప్రెషర్ ఉన్నదే తీసుకోండి. లాడ్జి గదుల్లో చప్పుడు చెయ్యకుండా కూర్చునే మూడో రకం కూడా ఒకటుంది. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు, ప్లాటెన్, ముంటర్స్, తయారుచేసిన పద్ధతి అది. అందులో గొట్టాల్లోని అమ్మోనియా అనే గ్యాస్‌ని కదిలించేది మోటారు కాదు, వేడి. అది నాకు అవసరం పడలేదు కాబట్టి దాని గురించి ఇంతే.

మర్నాడు పొద్దున్న ప్లగ్ పెట్టాను. సన్నగా గుర్రుమంది. లోపల పెట్టడానికి అన్నీ సిద్ధంగా ఉన్నా మూడు నాలుగు గంటలు ఖాళీగానే తిరగనిచ్చాను. ముందు పెట్టె చల్లబడాలి, తర్వాతే వస్తువులు. అప్పటికి నేను చేసిన మంచి పని అదొక్కటే.

చెడ్డ పని ఏమిటంటే, పెట్టిన చోటు. గోడలో ఒక గూడు ఉంది, సరిగ్గా ఫ్రిజ్ కొలతే. అటూ ఇటూ చెయ్యి దూరడమే కష్టం. దేవుడే ఈ గూడు కట్టించాడనుకుని అందులోకి తోసేశాను. పైన ఒక గుడ్డ పరిచి, దాని మీద పుస్తకాలు పేర్చాను. చూడముచ్చటగా ఉంది.

రెండో రోజు సాయంత్రం ఏదో పడిపోతే తీద్దామని గూట్లో చెయ్యి పెట్టాను. ఫ్రిజ్ పక్క గోడ చుర్రుమంది. కాలిపోయేంత కాదు గానీ వేడి నీళ్ల చెంబు పట్టుకున్నట్టుంది. చల్లగా ఉండాల్సిన ఫ్రిజ్ వేడెక్కడమేమిటి! భయమేసి ప్లగ్ పీకి, మెకానిక్‌ని పిలిచాను. ఆయన వచ్చి లోపలికి చూడలేదు, తలుపు కూడా తియ్యలేదు. గూటిని చూసి నవ్వాడు.

"దీన్ని ఎవరు ఇరికించారమ్మా ఇందులో?"

"నేనే అన్నా. పక్కలు కాలిపోతున్నాయి, గ్యాస్ పోయిందేమోనని..."

"గ్యాస్ పోతే పక్కలు చల్లగా ఉంటాయమ్మా. వేడిగా ఉన్నాయంటే పని చేస్తున్నట్టు. ఊపిరాడక కొంచెం ఎక్కువ కాలుతోంది, అంతే."

ఆ తర్వాత ఆయన చెప్పింది విన్నాక ఫ్రిజ్‌ని నేను చూసే చూపే మారిపోయింది. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చెయ్యదట. లోపలున్న వేడిని తోడి బయట పోస్తుందట. బావిలో నీళ్లు తోడి గట్టు మీద పోసినట్టు. గొట్టాల్లో తిరిగే గ్యాసే చేద. కంప్రెషర్ దాన్ని నొక్కితే వేడెక్కి పక్క గోడల్లోని గొట్టాల్లోకి వెళ్తుంది. అక్కడ వేడిని గదిలోకి వదిలి ద్రవంగా మారుతుంది. సన్నటి గొట్టంలోంచి ఫ్రీజర్ వైపు దూరి, ఒత్తిడి తగ్గిన చోట మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. తిరిగి కంప్రెషర్‌కి వస్తుంది. పాత ఫ్రిజ్‌లకు వెనకాల నల్లటి జాలీ కనబడేది కదా, వేడి వదిలే గొట్టాలు అవే. ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో వాటిని పక్క గోడల రేకు వెనక దాచేస్తున్నారు. తోడిన నీళ్లు గట్టు మీదే నిలిచిపోతే మళ్లీ బావిలోకే జారతాయి. గూట్లో నా ఫ్రిజ్ గతి అదే.

బయటికి లాగి గోడకు వెనకాల, పక్కల దాదాపు అర జానెడు, అంటే పది సెంటీమీటర్లు వదిలాం. పైన పుస్తకాలు, గుడ్డ తీసేశాను. స్టవ్వుకి దూరంగా, కిటికీ ఎండ పడని చోట. వాడుక పుస్తకంలోనూ ఇదే రాసుంది, మొదటి పేజీలోనే. నేను ఆ పుస్తకాన్ని అట్టపెట్టెలోనే వదిలేశాను. దాన్ని వెతికి తెచ్చి చదివితే ఇంకో సంగతి కూడా తెలిసింది. వెనక అంటించిన లేబుల్ మీద చిన్న ఇంగ్లిషు అక్షరాలుంటాయి. 'ఎన్' అని ఉంటే ఆ ఫ్రిజ్ 16 నుంచి 32 డిగ్రీలుండే గది కోసం చేసింది. 'ఎస్‌టీ' అంటే 38 దాకా, 'టీ' అంటే 43 దాకా. నాది 'టీ'. ఎండ మండే గదిలో 'ఎన్' ఫ్రిజ్ పెట్టి కూలింగ్ రావట్లేదని మెకానిక్‌ని తిట్టుకోవడం అన్యాయం.

వెళ్లేముందు ఆయన ముందు కాళ్లు రెండూ తిప్పి ఫ్రిజ్ ముందు భాగాన్ని ఒక పిసరు ఎత్తు చేశాడు. "తలుపు సగం తెరిచి వదిలెయ్యమ్మా" అన్నాడు. వదిలాను. నెమ్మదిగా దానంతటదే మూసుకుంది. మడమతో తలుపు తోసే బద్ధకస్తురాలికి అంతకంటే ఏం కావాలి?

ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా ఆ రోజే తీయించాడు. నా ఫ్రిజ్ నడిచేటప్పుడు లాగేది ఒక పాత బల్బంత కరెంటే. కానీ కంప్రెషర్ లేచే ఆ ఒక్క క్షణం దానికి కొన్ని రెట్లు లాగుతుంది. సన్నటి వైరు, వదులు సాకెట్టు ఉన్న పెట్టె దాన్ని రోజుకు ఎన్నోసార్లు తట్టుకోలేక వేడెక్కుతుంది. ఎర్త్ ఉన్న గోడ సాకెట్లోనే నేరుగా పెట్టాలి. కరెంటు పోయి వచ్చినా, మనమే ప్లగ్ తీసినా, మళ్లీ పెట్టేముందు అయిదు నిమిషాలు ఆగాలి. గొట్టాల్లో ఒక వైపు పేరుకున్న ఒత్తిడి సర్దుకోకముందే స్విచ్ వేస్తే కంప్రెషర్ లేవలేక 'ఊఁ' అని మూలిగి టక్కున ఆగిపోతుంది. నేను ఆ మూలుగు ఒకసారి విన్నాను. రెండోసారి వినాలని లేదు.

ఇక నాబ్ సంగతి. నన్ను ఎక్కువగా ఏడిపించింది అదే.

లోపల కుడి పక్కన గుండ్రటి నాబ్, దాని మీద 1 నుంచి 7 దాకా అంకెలు. 4 అంటే నాలుగు డిగ్రీలనుకున్నాను. కాదు. ఆ అంకెలకు డిగ్రీలతో సంబంధమే లేదు. అంకె పెరిగితే చలి పెరుగుతుంది, అంతవరకే. సరే, ఎక్కువ చలి మంచిదే కదా అని 7లో పెట్టాను. రెండు రోజుల్లో వెనక గోడకు ఆనించిన టమాటాలు రాళ్లయ్యాయి. ఆకుకూర అద్దంలా మెరుస్తూ, బయటికి తీయగానే నీరుకారి ముద్దయింది. భయపడి 1కి దించాను. మూడో రోజు తలుపు అరలో పాలు విరిగాయి. ఒకే వారంలో ఒకే ఫ్రిజ్‌లో ఒకటి గడ్డకట్టి ఒకటి విరిగిపోతే నేరం ఎవరిదని చెప్పాలి?

చివరికి ఒక చిన్న థర్మామీటర్ తెచ్చాను. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ అంకె గంతులేస్తుంది. అందుకే గ్లాసుడు నీళ్లలో ముంచి, మధ్య తట్ట మీద పెట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే తలుపు తియ్యగానే చూడాలి. నాబ్ 1లో ఉన్నప్పుడు 10 డిగ్రీలు చూపించింది. 3కి తిప్పి, ఇంకో రాత్రి ఆగి చూస్తే 4. అక్కడ నిలిపాను. తట్ట మీద ఆ అంకె 4 గానీ అంతకు తక్కువ గానీ ఉండాలి, అలాగని సున్నాకి దిగకూడదు. తిండిలో క్రిములు హుషారుగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్యనే. అనుకూలమైన వెచ్చదనం దొరికితే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. చలి వాటిని చంపదు, నిదానం చేస్తుందంతే. కొన్నయితే ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని వారాల తరబడి మరిచిపోకూడదు.

అదే గ్లాసుని ఒక్కో రాత్రి ఒక్కో చోట పెట్టి చూశాను. పిచ్చి పట్టిందని మా స్నేహితురాలు నవ్వింది గానీ, నాకు చాలా ఉపయోగపడిన పని అదే. మధ్యలో 4 ఉన్నప్పుడు తలుపు అరలో 8 ఉంది. వెనక గోడని ఆనుకున్న గ్లాసులో నీళ్ల మీద పలచగా మంచు పొర. జానెడు దూరంలో ఇంత తేడా! పెద్ద ఫ్రిజ్‌లో ఫ్యాన్ గాలిని అంతటా తిప్పుతుంది. నా దాంట్లో ఫ్యాన్ లేదు, చల్ల గాలి తనంత తాను కిందికి జారాల్సిందే. పైగా ఈ నాబ్ వెనకున్న థర్మోస్టాట్ చూసేది మన పాలని కాదు, మంచు పట్టే పలకని. పలక చల్లబడిందా, కంప్రెషర్ ఆపేస్తుంది. అందుకే గది వేడెక్కే రోజుల్లో నాబ్ ఒక అంకె పెంచుతాను, చలి రోజుల్లో దించుతాను. పాలు మధ్య తట్ట మీదకి వచ్చాయి. తలుపులోకి నీళ్ల సీసా, పచ్చళ్లు, జామ్ లాంటివి పోయాయి. వెనక గోడకీ వస్తువులకీ మధ్య రెండు వేళ్ల సందు. గాలి తిరగాలి కాబట్టి కుక్కి కుక్కి నింపడం మానేశాను.

వేడివేడిగా దించిన గిన్నెని నేరుగా పెట్టడం కూడా అప్పుడే మానేశాను. ఒకసారి పెట్టి గ్లాసు చూస్తే 4 ఉన్నది 9కి లేచింది. తిరిగి దిగడానికి పూట పట్టింది. పెద్ద ఫ్రిజ్‌లో అదే గిన్నె పెడితే సముద్రంలో చెంబుడు వేడి నీళ్లు పోసినట్టు. నా దాంట్లో బిందెలో పోసినట్టు. అలాగని రాత్రంతా బయట వదిలెయ్యకూడదు. రెండు గంటల్లోపు లోపలికి చేరాలి. వెడల్పాటి గిన్నెల్లోకి పలచగా సర్ది, వాటి అడుగున చన్నీళ్లు పెడితే అరగంటలో చల్లారిపోతుంది. మూత పెట్టి లోపల పెట్టడమే.

రెండు నెలలు హాయిగా గడిచాయి. ఆ తర్వాత ఫ్రీజర్ అర నాకు తెలియకుండానే చిన్నదవుతూ వచ్చింది. మొదట తెల్లటి నూగు, తర్వాత వేలు మందాన మంచు, చివరికి ఐస్ ట్రే లోపలికి దూరదు, దూరితే బయటికి రాదు. తలుపు తీసిన ప్రతిసారీ గదిలోని తేమ గాలి లోపలికి దూరి, అన్నిటికంటే చల్లగా ఉన్న పలక మీద గడ్డకడుతుంది. మూతలేని గిన్నెల ఆవిరీ అక్కడికే చేరుతుంది. మంచు ఎక్కువైతే చలి ఎక్కువవుతుందనుకునేదాన్ని. తలకిందులు ఆలోచన. పలక మీద మంచు దుప్పటి కప్పుకున్నట్టు. లోపలి వేడి పలకకు చేరాలంటే ఆ దుప్పటి దాటాలి. కంప్రెషర్ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, మీటరూ దానితోపాటే. మంచు అయిదారు మిల్లీమీటర్లు దాటనివ్వకూడదని పుస్తకంలో ఉంది. నా దగ్గర రెండు సెంటీమీటర్లు ఉంది.

కత్తి తీసుకున్నాను. రెండు పెచ్చులు ఊడాయి, ఉత్సాహం వచ్చింది. మూడోది పొడవబోతుంటే మెకానిక్ అన్న మాటొకటి గుర్తొచ్చింది. "నా దగ్గరికొచ్చే ఫ్రిజ్‌లలో సగం కత్తిపోట్ల కేసులేనమ్మా." ఆ అర గోడలు పలచటి అల్యూమినియం. గ్యాస్ తిరిగే గొట్టాలు ఆ రేకులోనే ఉబ్బెత్తుగా ఉంటాయి. మంచు కింద అవెక్కడున్నాయో కనబడదు. ఒక్క పోటు తగిలితే బుస్సుమని గ్యాస్ పోతుంది. అతికించి మళ్లీ గ్యాస్ నింపడానికయ్యే ఖర్చు చూస్తే చిన్న ఫ్రిజ్‌కి చాలాసార్లు గిట్టదు. పైగా నా ఫ్రిజ్‌లో ఉన్నది ఆర్ 600ఏ, అంటే ఐసోబ్యూటేన్. వంట గ్యాస్‌కి దగ్గర చుట్టం, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఉండేది కొద్ది గ్రాములే, గొట్టాల్లో ఉన్నంతవరకు దానితో భయం లేదు. పాత రోజుల్లో ఫ్రిజ్‌లలో వాడిన ఫ్రియాన్ అనే గ్యాస్ ఓజోన్ పొరని తినేస్తోందని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో ఇదొకటి. ఓజోన్‌కి హాని లేదు, భూమిని వేడెక్కించడమూ బహు తక్కువ. కత్తితో పొడిచేవాళ్ల మీద మాత్రం దయ చూపదు. కత్తి పక్కన పెట్టాను.

డీఫ్రాస్ట్ చెయ్యడం, అంటే పేరుకున్న మంచు కరిగించడం, ఇలా నేర్చుకున్నాను. కొన్ని ఫ్రిజ్‌లలో నాబ్ మధ్యలో నొక్కే బటన్ ఉంటుంది, నొక్కితే కంప్రెషర్ ఆగి మంచు కరిగాక తానే మళ్లీ మొదలవుతుంది. నా దాంట్లో అది లేదు. సామాను బాగా తగ్గిన రోజు చూసుకుని, మిగిలిన పాలు, కూరలు థర్మోకోల్ పెట్టెలో ఐస్ సీసాలతోపాటు సర్దాను. ప్లగ్ తీశాను. తలుపు బార్లా తెరిచి, ఫ్రీజర్ అరలో మడిచిన గుడ్డ వేసి దాని మీద గిన్నెడు వేడి నీళ్లు పెట్టాను. గుడ్డ ఎందుకంటే కింది ప్లాస్టిక్కుకి వేడి తగలకుండా. పది నిమిషాలకోసారి నీళ్లు మార్చాను. అరగంటకి లోపల్నుంచి 'చిట్' మని శబ్దం వచ్చింది. అప్పుడు చేత్తో పట్టుకుంటే మంచు పలక పలకగా ఊడి వచ్చింది. ఆ తృప్తి చెప్తే అర్థం కాదు. హెయిర్ డ్రయ్యర్ పెట్టమని ఎవరో అన్నారు. కారుతున్న నీళ్ల మధ్య కరెంటు వస్తువు పట్టుకునే ధైర్యం నాకు లేదు, ఉండక్కర్లేదు కూడా.

మొదటిసారి నేల సంగతి మరిచాను. రెండు గంటల తర్వాత చాప తడిసి, పుస్తకాల సంచి అడుగు నానింది. ఇప్పుడు ముందుగానే పాత తువ్వాళ్లు పరుస్తాను. అయ్యాక లోపలంతా పొడి గుడ్డతో తుడవాలి. తడి వదిలేసి స్విచ్ వేస్తే అదే తడి మర్నాటికల్లా మంచై కూర్చుంటుంది.

ఇంకో నీళ్ల గొడవ. కొన్నాళ్లకి కూరగాయల డబ్బా కింద రోజూ నీళ్లు నిలవడం మొదలైంది. లీకు అనుకున్నాను. వెనక గోడ మీద చెమటలా పట్టే నీళ్లు కిందికి జారి, ఒక చిన్న కాలవలో పడి, దాని మధ్య కంతలోంచి వెనకాల కంప్రెషర్ మీదున్న గిన్నెలోకి పోవాలి. కంప్రెషర్ వేడికి అక్కడ ఆవిరైపోతాయి. ఎంత చక్కటి ఏర్పాటు! ఆ కంతలో కొత్తిమీర కాడొకటి ఇరుక్కుంది, అంతే. చెవిలో పెట్టుకునే దూది పుల్లతో కదిపి, కాసిని గోరువెచ్చటి నీళ్లు పోస్తే గుటగుటమని దిగిపోయాయి.

తలుపు రబ్బరు గురించి చెప్పకపోతే తప్పు. మంచు మళ్లీ త్వరత్వరగా పేరుకుంటుంటే అనుమానం వచ్చి కాగితం పరీక్ష చేశాను. తలుపుకీ పెట్టెకీ మధ్య కాగితం పెట్టి మూసి లాగాలి. బిగుతుగా పట్టుకోవాలి, ఊరికే జారి రాకూడదు. చుట్టూ లాగి చూస్తే కింది మూలలో హాయిగా జారి వచ్చింది. రబ్బరు పాడవలేదు, మడతల్లో జామ్ కారి ఎండిపోయి పెచ్చుకట్టింది. సబ్బు నీళ్లతో, పాత టూత్ బ్రష్‌తో మడత మడతా తోమి, తుడిచి ఆరబెడితే బిగిసింది. ఆ రబ్బరు లోపల అయస్కాంతపు పట్టీ ఉంటుంది, తలుపుని పట్టి ఉంచేది అదే. ఒకప్పుడు ఫ్రిజ్ తలుపులకు బయట గొళ్లాలుండేవి. పారేసిన ఫ్రిజ్‌లలో దాక్కున్న పిల్లలు లోపల్నుంచి తెరవలేక ప్రాణాలు పోగొట్టుకునేవారు. 1956లో అమెరికాలో, తలుపు లోపల్నుంచి కూడా తెరుచుకోవాలని చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ఆ సంగతి చదివిన రోజు రబ్బరు తోముతూ చాలాసేపు కూర్చున్నాను. పాత ఫ్రిజ్ వదిలించుకునేటప్పుడు తలుపు ఊడదీసి ఇవ్వడం ఇప్పటికీ మంచి పని.

వాసన గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కోసిన ఉల్లిపాయ సగం మూత లేకుండా పెట్టాను, పాలు ఉల్లిపాయ పాలయ్యాయి. లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి గోడలు, తట్టలు తుడిచాను. చిన్న గిన్నెలో పొడి సోడా లోపల ఒక మూల పెట్టాను. ఘాటు వాసనలు వేసే క్లీనర్లు వద్దు, ఆ వాసన తిండికి పడుతుంది. తుడిచే ప్రతిసారీ ముందు ప్లగ్ తియ్యాలి. తట్ట గాజుదైతే చలిగా ఉండగానే వేడి నీళ్లు పొయ్యకూడదు, పగులుతుంది. వెనకాల దుమ్ము మూడు నెలలకోసారి మెత్తటి బ్రష్‌తో దులుపుతాను. అంతే.

ఒకసారి కరెంటు పోయి చాలాసేపు రాలేదు. ఊరికే ఉండలేక పది నిమిషాలకోసారి తలుపు తీసి చల్లగానే ఉందా అని చూశాను. చూసి చూసి చలంతా నేనే బయటికి పంపాను. తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చలి నిలుపుకుంటుందంటారు. నా చిన్నదాని మీద అంత నమ్మకం పెట్టుకోను. అందుకే ఇప్పుడు ఫ్రీజర్ అరలో రెండు నీళ్ల సీసాలు, నిండుగా కాకుండా మెడ దాకా నింపి, గడ్డకట్టించి ఉంచుతున్నాను. కరెంటు పోతే వాటిని పాల పక్కకి దించుతాను.

ఆఖరి పాఠం నెల్లాళ్లు ఊరు వెళ్లినప్పటిది. మొదటిసారి తెలివిగా అంతా ఖాళీ చేసి, ప్లగ్ తీసి, తలుపు గట్టిగా మూసి వెళ్లాను. తిరిగొచ్చి తెరిస్తే రబ్బరు నిండా నల్లటి బూజు, గదంతా బూజు కంపు. అమ్మకి చెప్తే, "అది బీరువా అనుకున్నావుటే, మూసి తాళం వెయ్యడానికి? తెరిచి పెట్టాలి" అంది. ఈమాటు ఎందుకో నేనే చెప్పగలను. లోపల మిగిలిన తడికి పోయే దారి లేదు, చలీ లేదు. బూజుకి అంతకంటే కావలసిందేముంది?

మొన్న రెండోసారి వెళ్లేటప్పుడు కడిగి, ఆరబెట్టి, తలుపు సందులో మడిచిన తువ్వాలు పెట్టి కట్టి వెళ్లాను. వచ్చి చూస్తే లోపల కొత్తదానిలా ఉంది. మురిసిపోతూ ప్లగ్ పెట్టాను. సాయంత్రానికి ఎక్కణ్ణుంచో మురుగు వాసన. లోపల వెతికాను, డబ్బా తీశాను, కంతలో నీళ్లు పోశాను. ఏమీ లేదు. చివరికి ఫ్రిజ్‌ని ముందుకి లాగి టార్చి వేసి చూస్తే, కంప్రెషర్ మీద గిన్నెలో నల్లటి జిగురు ఎండి, వేడి తగలగానే మళ్లీ వాసన కొడుతోంది. అన్నీ కడిగాను, దాన్నొక్కదాన్నీ మరిచిపోయాను. ప్లగ్ తీసి, కంప్రెషర్ చల్లారేదాకా ఆగి, నేల మీద బోర్లా పడుకుని, పాత టూత్ బ్రష్‌తో తోముతుంటే అమ్మ ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక ఎత్తలేదు.